ఐదో మాట

మంగళ, గురు, శని. తెల్లవారుజామున అయిదున్నరకు మా వీధి చివరకు ఆటో వస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో ఆ వేళకు టీ కొట్లు తప్ప ఏవీ తెరిచి ఉండవు. మా ఆవిడ సంచిలో దుప్పటి, ఇడ్లీల డబ్బా, చిన్న బైబిలు. నా సంచిలో ఆసుపత్రి ఫైలు. వెళ్లగానే ఆమె బరువు చూస్తారు, డయాలసిస్ కోసం చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు, నాలుగు గంటల తర్వాత తీస్తారు. రెండేళ్లు దాటింది. మా ఇంట్లో వారానికి ఉన్నవి ఆ మూడు రోజులే, తక్కినవి వాటి నుంచి తేరుకోవడానికి.

2023 ఆగస్టులో ఆమె పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. వయసు అనుకున్నాం. పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, తొమ్మిది దాటింది. మామూలు మనిషికి ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. చాలా ఏళ్లుగా బీపీ ఉండి ఉంటుంది, చూసుకోలేదా అమ్మా అన్నారు డాక్టరు గారు. ముప్పై ఒక్క సంవత్సరాలు స్టాఫ్ నర్సుగా పనిచేసిన మనిషి. ఊళ్లో వాళ్లందరి బీపీ చూసింది, తనది చూసుకోలేదు.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు అలా రెండు నిమిషాల్లో జవాబు దొరికింది. నేను అడుగుతున్నది ఆ ‘ఎందుకు’ కాదు.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1883లో అమెరికా నుంచి వచ్చి, ఇక్కడి ఆడవాళ్లకోసం ఆసుపత్రి కట్టించి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన డాక్టర్ అన్నా కుగ్లర్ కథలు అమ్మమ్మ దగ్గర విని మా ఆవిడ నర్సింగు చదివింది. వార్డులో దిక్కులేని రోగి ఎవరైనా చనిపోతే ముఖం తుడిచి, జుట్టు దువ్వి, అప్పుడు మార్చురీకి పంపేది. “ఎవరూ రారు కదా, ఎవరికోసం ఇదంతా?” అని ఒకసారి అడిగాను. “ఆయన కోసమే” అంది. ఆయన అంటే చనిపోయినవాడో దేవుడో నేను రెట్టించలేదు. అలాంటి మనిషికి ఈ జబ్బు ఏమిటి? చర్చిలో చందా పెట్టె తాళం దగ్గర ఉంచుకున్న నాకు రాకూడదా?

మొదట మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. తర్వాత ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేశారు. అది గట్టిపడడానికి వారాలు పట్టింది. ఇప్పుడు ఆ చోట వేలు పెడితే పిల్లి గురగుర పెట్టినట్టు ఉంటుంది. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా తడిమి చూస్తాను, ఆగిపోలేదు కదా అని. నాకు షుగరు ఉంది కాబట్టి నా కిడ్నీ పనికిరాదన్నారు. చనిపోయినవాళ్ల అవయవాలను అవసరమైనవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం. ఆ పిలుపు ఇంకా రాలేదు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. ఆమెకు రోజుకు ఒక లీటరే. ఉదయం సీసా నింపి బల్ల మీద పెడుతుంది. కప్పు టీ తాగితే కప్పు నీళ్లు సీసాలోంచి మొక్కలకు పోస్తుంది. చారు పోసుకుంటే దానికీ లెక్క. గుంటూరు ఎండల్లో మధ్యాహ్నానికే సీసా అడుగు కనబడుతుంది. అప్పుడు చిన్న మంచుముక్క చప్పరిస్తుంది, లేకపోతే నోరు పుక్కిలించి ఉమ్మేస్తుంది. పక్క గదిలో ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంటుంది.

పరామర్శకు వచ్చేవాళ్లు కొబ్బరి బోండాలు తెచ్చేవాళ్లు. ప్రేమతోనే. కిడ్నీలు పనిచేయని మనిషికి అందులోని పొటాషియం గుండె మీదికి తెస్తుందని వాళ్లకు తెలియదు. ఆమె నవ్వుతూ తీసుకుని, వాళ్లు వెళ్లాక పనమ్మాయికి ఇచ్చేది. బోండాలతోపాటు జవాబులూ తెచ్చేవాళ్లు. దేవుడు తన బిడ్డలనే పరీక్షిస్తాడని ఒకరు. ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని, ఉపవాసముండి వెతుక్కోమని మరొకరు. ఒక సహోదరుడు ఇంకో అడుగు ముందుకు వేసి, విశ్వాసం ఉంటే సూదులు మానేసి కొండపిండి ఆకు కషాయం తాగమన్నాడు. “పొటాషియంకు నా విశ్వాసం సంగతి తెలియదు బాబూ” అంది మా ఆవిడ.

నాకు కోపం వచ్చింది. తర్వాత ఒక రోజు, సూదులు గుచ్చిన చేయి కదలకుండా ఆమె పడుకుని ఉండగా, బయట కుర్చీలో కూర్చున్న నాకు పాతది ఒకటి గుర్తొచ్చింది. సంఘ పెద్దగా ఒక ఇంటికి వెళ్లాను. కాలవలో పడి పిల్లవాడు చనిపోయాడు. “దేవుడు తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడమ్మా” అన్నాను. ఆ తల్లి నా వైపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ తెస్తుందనుకున్నాను. మళ్లీ రాలేదు. ఆమె కోసం ఈమధ్య వాకబు చేశాను. ఊరు వదిలి వెళ్లిపోయారట.

ఆ కుర్చీలోనే బైబిల్లోని యోబు గ్రంథం మొదటిసారి పూర్తిగా చదివాను. ఏ తప్పూ చేయకుండానే ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న మనిషి కథ. ప్రసంగాల్లో మొదటి రెండు అధ్యాయాలూ చివరిదీ వింటాం. “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను” దగ్గర ఆగి, ఆస్తి రెండింతలైన చోటికి దూకుతాం. మధ్యలో ఉన్న యోబు వేరే మనిషి. పుట్టిన రోజును శపిస్తాడు, దేవుణ్ణి వ్యాజ్యానికి పిలుస్తాడు. స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేలమీద కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఆ తర్వాత నోరు తెరిచి, నువ్వు ఏదో చేసి ఉంటావు అంటారు. వాళ్ల మాటలు విడిగా చదివితే ఎంత భక్తిగా ఉంటాయో! నా మాటల్లాగే.

ముప్పై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడతాడు. భూమి పునాదుల గురించి, మంచు నిధుల గురించి, నిప్పుకోడి గురించి చెబుతాడు. ఎందుకు అన్నదానికి మాత్రం జవాబు చెప్పడు. మొదటి అధ్యాయంలో దేవుడికి అపవాదితో, అంటే సాతానుతో, జరిగిన సంభాషణ యోబుకు చివరిదాకా తెలియదు. నలభై రెండో అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, తన తరఫున వాదించిన స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదు అంటాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడకు చెప్పాను. ఆమె చూపు వేరే చోట ఉంది. “గొర్రెలు ఏడు వేలు పద్నాలుగు వేలయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే. ఆ మొదటి పదిమందినీ కన్నది ఆయన భార్య కూడా కదండీ? ‘దేవుని దూషించి మరణము కమ్ము’ అని ఆవిడ ఒక్క మాట అన్నందుకు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు” అంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మా బావమరిది కుటుంబం మేడ మీద చిక్కుకుంది. ఆ రోజుల్లోనే ఒక ప్రార్థనకూటంలో ఆ నగరం పాపం పండిందని ఒకాయన చెబుతుంటే లేచి నిలబడ్డాను. అలా చేయడం నా స్వభావం కాదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా, కాదు అని యేసు చెప్పాడు కదండీ అన్నాను. ఆ వెంటనే మారుమనస్సు గురించి ఉందిగా అన్నారాయన. ఉంది. అది విన్నవాళ్లను, అంటే మనల్ని ఉద్దేశించింది, మునిగినవాళ్లను కాదు అన్నాను. టీ ఇవ్వకుండానే కూటం ముగిసింది.

2025 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. మా చర్చిలో యేసు సిలువలో పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుంటారు. ఐదో మాట, “దప్పిగొనుచున్నాను”, నాకు ఇచ్చారు. గ్రీకులో అది ఒక్క పదమే. వారం రోజులు నోట్సు రాసుకున్నాను. మా లూథరన్ శాఖ మూలపురుషుడు మార్టిన్ లూథర్‌నూ తెచ్చుకున్నాను. సిలువను ఎరిగిన వేదాంతి ఉన్నదాన్ని ఉన్నట్టే చెబుతాడని 1518లో హైడెల్‌బర్గ్‌లో ఆయన వాదించాడు. చెడును మంచి అనే పని మహిమను వెతికేవాడిదట. గురువారం డయాలసిస్ నుంచి వస్తూ ఆటోలో మా ఆవిడ అంది: “ఏమండీ, ఐదో మాట నేను చెప్పనా?”

పాస్టరు గారు ఒప్పుకున్నారు. ఎండ మండిపోతోంది, ఫ్యాన్లు వేడి గాలినే తిప్పుతున్నాయి. ఆమె కుర్చీలో కూర్చునే మాట్లాడింది.

“ఈ మాట మీద చాలా ప్రసంగాలు విన్నాను. ఆత్మల రక్షణ కోసం దాహం అంటారు. అయి ఉండవచ్చు. నాకు రోజుకు లీటరు నీళ్లు. మధ్యాహ్నం రెండింటికి నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. ఆయనకు అప్పుడు కావలసింది నీళ్లని నేను అనుకుంటున్నాను. నాకు ఈ జబ్బు ఎందుకు ఇచ్చావని రోజూ అడుగుతున్నాను. ఆయన చెప్పలేదు. నేను అడగడం మానలేదు. కానీ ఆ రెండు గంటల వేళ నా గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నానని అనిపించదు. దాహం అంటే తెలిసినవాడితో ఉన్నట్టు ఉంటుంది. అంతేనండి.”

ఇరవై నిమిషాలు ఇస్తే నాలుగు నిమిషాల్లో ముగించింది. ఏం చేయాలో తోచక పాస్టరు గారు కీర్తన ఎత్తుకున్నారు. నా నోట్సు జేబులోనే ఉండిపోయింది.

మూడు గంటలకు బయటికి వస్తే యువకులు గేటు దగ్గర మజ్జిగ పంచుతున్నారు. సండే స్కూలు పిల్ల ఒకతి గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె గ్లాసును కంటితోనే కొలిచి, సగం తాగి, మిగతాది నాకు ఇచ్చింది. ఇంటికి రాగానే సీసాలోంచి సగం గ్లాసు నీళ్లు తులసి కుండీలో పోసింది.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు బరువు రెండు కిలోల మూడు వందలు ఎక్కువ చూపించింది.

“నిన్న ఏమైనా తాగారా అమ్మా?” అన్నాడు టెక్నీషియన్.

“మజ్జిగ” అంది.