మా హీరో గొంతు మారిపోయింది

షూటింగ్ మొదలైనప్పుడు మా హీరోకి 13 ఏళ్లు. డబ్బింగ్‌కి వచ్చేసరికి 13 ఏళ్ల 8 నెలలు. మధ్యలో ఏం జరిగిందో వాడు స్టూడియోలో మైకు ముందు నోరు తెరిచేదాకా నాకు తెలీదు. "అక్కా, నేను రెడీ" అన్నాడు. లోపలికి వేరే ఎవరో వెళ్లారేమోనని సౌండ్ ఇంజనీరు లేచి అద్దంలోంచి తొంగి చూశాడు.

నేను తీసింది చిన్న సినిమా. వెనక కంపెనీ లేదు, తెరమీద తెలిసిన మొహం లేదు. ముగ్గురు స్నేహితులు సెలవుల్లో ఇళ్లలో చెప్పకుండా ఒక ఖాళీ ఇంటి తాళంచెవి సంపాదించి పది రోజులు సొంతంగా బతకాలనుకుంటారు. మొదటి రాత్రే కరెంటు పోతుంది. ఫ్యూజు ఎక్కడుంటుందో ముగ్గురికీ తెలీదు. అక్కడినుంచి కామెడీ. ఇలాంటి కథల్ని కమింగ్ ఆఫ్ ఏజ్ అంటారు కదా, పెరిగి పెద్దవడం గురించి. తీసినన్నాళ్లూ నేను పడ్డ పాట్లన్నీ మాత్రం ఆ పిల్లలు పెరగకుండా చూడ్డానికే.

స్క్రిప్టు గురించి ఎక్కువ చెప్పను. పేజీకి ఒక నిమిషం అనేది అందరూ వేసుకునే లెక్క. నాది 126 పేజీలు వచ్చింది, కామెడీకి అది చాలా ఎక్కువ. 94కి దించాను. పోయినవన్నీ పెద్దవాళ్లు పిల్లలకి బుద్ధి చెప్పే సీన్లే. అవి తీసేసినా కథలో ఎక్కడా గుంట పడలేదు. నాకు కాస్త సిగ్గేసింది.

నటుల ఎంపికలో మొదట్లో తప్పు చేశాను. ముగ్గుర్ని విడివిడిగా వెతికాను. బాగా చేసేవాళ్లు దొరికారు గానీ, పక్కపక్కన నిలబెడితే బస్టాపులో ముగ్గురు ప్రయాణికుల్లా ఉన్నారు. తర్వాత పద్ధతి మార్చాను. ముగ్గురేసి పిల్లల్ని పిలిచి, ఒక టెంటు ఇచ్చి, ఎలా వేయాలో చెప్పే కాగితం దాచేసి, గది మూలన కూర్చున్నాను. చాలా గుంపులు పది నిమిషాలకల్లా నావైపు చూశాయి. ఒక్క గుంపు మాత్రం నేను ఉన్న సంగతే మర్చిపోయింది. ఒకడు కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. రెండోవాడు ఆర్డర్లు వేస్తున్నాడు. మూడోవాడు కూలిపోయిన టెంటు కింద దూరి, "ఇలాగే బాగుంది, వదిలేయండి" అన్నాడు. నలభై నిమిషాలు పోట్లాడుకున్నారు. టెంటు నిలబడలేదు. వాళ్లనే తీసుకున్నాను. టెంటు కింద దూరినవాడే మా హీరో.

డైలాగులు బట్టీ పట్టించకూడదని ముందే అనుకున్నాను. ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫో 1959లో తన మొదటి ఫీచర్ సినిమాలో, సైకాలజిస్టు ప్రశ్నలడిగే సీన్లో కుర్రాడి చేత రాసిన డైలాగులు కాకుండా సొంత జవాబులే చెప్పించాడని చదివి, నేనూ అలాగే కెమెరా పెట్టి ప్రశ్నలడిగాను. మావాడి జవాబులు వరసగా: "ఊ." "ఏమో." "తెలీదక్కా." నేను త్రూఫోని కాదని అర్థమైంది. మా పిల్లలకి మాటలు ఇస్తే బిగుసుకుపోయేవాళ్లు, పని ఇస్తే తెరుచుకునేవాళ్లు. ఇద్దరికి ఒకే చీపురు ఇచ్చి, ఊడ్చే వంతు ఎవరిదో తేల్చుకోమంటే చాలు, నేను రాసినదానికన్నా మంచి డైలాగులు వాళ్ల నోట్లోంచే వచ్చాయి.

షూటింగ్ 24 రోజులు. పిల్లలతో రోజుకి ఐదు గంటలే పనిచేయాలని, విశ్రాంతి ఇవ్వకుండా మూడు గంటలు దాటకూడదని ముందే రాసిపెట్టుకున్నాం. అందుకని ఎవరితో మాట్లాడే సీనైనా ముందు పిల్లల వైపు షాట్లన్నీ తీసేసి, వాళ్లని పంపించాక పెద్దవాళ్ల వైపు తీసేవాళ్లం. అప్పుడు పిల్లాడి స్థానంలో నేను ఎత్తు సరిపోయేలా మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. సినిమాలో ఒక తండ్రి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆయన చూస్తున్నది కొడుకుని కాదు, చేతిలో స్క్రిప్టు పట్టుకుని మోకాళ్ల నొప్పికి మొహం మాడ్చుకున్న నన్ను.

జుట్టు నెలకి ఒక సెంటీమీటరుకి పైనే పెరుగుతుంది. సీన్లేమో వరసలో తీయం. కాబట్టి రోజూ పొద్దున్నే ముగ్గురినీ గోడ దగ్గర నిలబెట్టి ముందు, వెనక, పక్క ఫోటోలు తీసేవాళ్లం. పదకొండో రోజు కర్రలవాడు నున్నటి తలతో దిగాడు. ఇంట్లో ఎవరో ముచ్చటపడి కత్తిరించేశారట. వాళ్లమ్మగారు "మళ్లీ వచ్చేస్తుంది కదండీ" అన్నారు. వస్తుంది, రెండు నెలలకి. ఆ పాత్రకి అప్పటికప్పుడు తలకి తువ్వాలు చుట్టుకునే అలవాటు పెట్టాం. హాల్లో జనం దానికి నవ్వారు. "ఆ ఐడియా ఎలా వచ్చింది?" అని అడిగినవాళ్లకి నేను ఏవేవో చెప్పాను.

సౌండ్ అక్కడికక్కడే రికార్డు చేశాం. ప్రతి చోటా సీన్లు అయ్యాక అందరూ కదలకుండా ఉండి 30 సెకన్ల రూమ్ టోన్ తీసుకోవాలి, అంటే ఆ గది ఖాళీ శబ్దం. డైలాగుల మధ్య అతుకులు తెలియకుండా ఎడిటింగ్‌లో అదే నింపుతారు. ముగ్గురు టీనేజ్ కుర్రాళ్లని 30 సెకన్లు నోరు మూసుకోమనడం ఎంత అత్యాశో అప్పుడు తెలిసింది. పదిహేనో సెకనుకి ఒకడి ముక్కులోంచి గాలి బుస్సుమనేది. అంతే, ముగ్గురూ నేల మీద దొర్లేవాళ్లు. చివరికి వాళ్లని బయటికి పంపించి తీసుకున్నాం. చేయాల్సిన ఇంకో పని మాత్రం చేయలేదు. ప్రతి సీను అయ్యాక కెమెరా లేకుండా అవే డైలాగుల్ని మైకు దగ్గరగా పెట్టి మరోసారి చెప్పించుకోవాలి. ఐదు గంటల గడియారం చూసి దాన్ని వదిలేశాను. తర్వాత డబ్బింగ్ ఉందిగా అనుకున్నాను.

ఎడిటింగ్ ఆలస్యమైంది. డబ్బులు అయిపోయాయి, ఎడిటర్ తన వేరే పనులు చూసుకుని రాత్రుళ్లు కూర్చునేవాడు. ఫ్యూజు జోకు మీద మూడు రాత్రులు పోయాయి. తెరంతా చీకటి. "ఫ్యూజు ఎక్కడుంటుంది?" అని ఒకడు అడుగుతాడు. నిశ్శబ్దం. "ఫ్యూజంటే?" అని ఇంకొకడు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుండాలి? సెకనుకి 24 ఫ్రేములు. ఒక సెకను పెడితే మామూలు సంభాషణలా ఉంది. మూడు సెకన్లు పెడితే ప్రొజెక్టర్ పాడైందనిపిస్తోంది. 42 ఫ్రేముల దగ్గర మా ఎడిటర్ తనే నవ్వేశాడు, అప్పటికి అది వందోసారి చూడ్డం. తెలిసిన పదిమందిని కూర్చోబెట్టి చూపించినప్పుడు నేను తెరవైపు కాక వాళ్ల మొహాలవైపే చూశాను. అక్కడ నవ్వారు. అంతకన్నా ముఖ్యం, నేను గొప్పగా అనుకున్న ఇంకో మూడు చోట్ల ఒక్కరూ నవ్వలేదు. ఆ మూడూ తీసేశాం.

ఇక ఆ డబ్బింగ్ రోజు. మావాడివి పనికిరాని డైలాగులు 41 తేలాయి. కొన్నిట్లో రోడ్డు మీది హారన్లు, కొన్నిట్లో మైకుకి చొక్కా రాసుకున్న చప్పుడు. మైకు ముందున్నవాడిదేమో బొంగురు గొంతు, మధ్యమధ్యలో ఒక్కసారిగా పైకి ఎగిరి కీచుమంటోంది. మగపిల్లల గొంతు ఈ వయసులో దాదాపు ఒక స్థాయి, అంటే సంగీతంలో పై 'స' నుంచి కింది 'స' దాకా ఉండేంత, కిందికి దిగుతుంది. స్వరతంతువులు పొడవవుతాయి, స్వరపేటికే పెరుగుతుంది. పాపం వాడు సన్నగా మాట్లాడ్డానికి మెడ సాగదీసి, వేళ్ల మీద నిలబడి, చివరికి "సారీ అక్కా" అన్నాడు. ఆ సారీ కూడా బేస్‌లోనే వచ్చింది. పెరిగినందుకు ఒక పిల్లాడి చేత క్షమాపణ చెప్పించుకున్న దర్శకురాలిని నేను.

కంప్యూటర్లో శ్రుతి పెంచి చూశాం. ఉడతలా వినిపించింది. గొంతుతోపాటు నోటి లోపలి ఖాళీ కూడా పెరుగుతుంది కాబట్టి శ్రుతి ఒక్కటీ మారిస్తే సరిపోదన్నాడు ఇంజనీరు. అబ్బాయిలకి గొంతిచ్చే డబ్బింగ్ ఆర్టిస్టుని పిలిచాం. ఆవిడ చాలా చక్కగా చెప్పింది, అదే చిక్కు. మావాడు ఎప్పుడూ ఏ మాటా చక్కగా చెప్పలేదు, సగం మాటలు మింగేస్తాడు. పక్కవాడి నవ్వు, వాడి ఊపిరి అసలువి, మాట ఒక్కటే వేరే. అతుకు కనిపిస్తోంది.

మిగిలింది ఒకటే దారి. వాడకుండా వదిలేసిన టేకులన్నీ వినడం. దాదాపు 20 గంటల రికార్డింగ్. పన్నెండు రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాం. ఒక టేకులోంచి ఒక మాట, ఇంకో టేకులోంచి విభక్తి, మరో దాన్లోంచి చివరి ఊపిరి. 33 డైలాగులు అలా కుట్టాం. ఐదు కథకి అక్కర్లేదని తేలింది. మిగిలిన మూడూ దూరం నుంచి వేసే కేకలు. వాటికి మావాడి తమ్ముణ్ని పట్టుకొచ్చాం, గొంతు ముమ్మూర్తులా అన్నదే. పేరు వేస్తేనే అరుస్తానన్నాడు. వేశాం.

33లో ఒకటి సినిమాకి ఆయువుపట్టు. తండ్రి వెతుక్కుంటూ ఆ ఇంటికొస్తే కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి "నేను ఇంటికి రాను" అంటాడు. మొహం అద్భుతంగా కుదిరిన టేకులో సరిగ్గా "రాను" మీద హారన్ పడింది. ఆ సీను వేరే టేకుల్లో "రాను" అనే మాట ఉంది గానీ, ఎక్కడా ఆ మొండితనం లేదు. తొమ్మిదో రోజు రాత్రి, క్లాప్ కొట్టకముందు పొరపాటున ఆన్‌లో ఉండిపోయిన మైకులో దొరికింది. అసిస్టెంటు భోజనానికి పిలుస్తున్నాడు. మావాడు ఆటలో ఉన్నాడు. "నేను భోజనానికి రాను!" సరిగ్గా అదే. రెండక్షరాలు కోసి తెచ్చి గుమ్మం దగ్గర అతికించాం. పెదవులకి రెండు ఫ్రేములు తేడా వస్తే సర్దాం. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాతి సంగతులు అందరికీ ఉండేవే. ఒక సినిమాల కొనుగోలుదారు "ఇది పిల్లలకా, పెద్దలకా?" అని అడిగి, నేను చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. ఫెస్టివల్స్‌కి పంపాం. చాలా పెద్ద ఫెస్టివల్స్ ముందెక్కడా ప్రదర్శించని సినిమాలే కోరతాయి కాబట్టి ఎంత దురదపెట్టినా ఆన్‌లైన్‌లో పెట్టలేదు. ఎక్కువచోట్ల వద్దన్నారు, ఒక చిన్న ఫెస్టివల్ రమ్మంది. డీసీపీ, అంటే థియేటర్లో వేసే డిజిటల్ కాపీ, చేయించి పంపాం.

ప్రదర్శనకి ముగ్గురూ వచ్చారు. మావాడు నాకన్నా ఎత్తుగా ఉన్నాడు, పై పెదవి మీద నూగు మీసం. తన చిన్నప్పటి గొంతు వినపడగానే సీట్లో కిందికి జారిపోయాడు. గుమ్మం సీను వచ్చింది. "నేను ఇంటికి రాను." హాలు నిశ్శబ్దమైపోయింది, వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. మావాడు నా చెవి దగ్గరికి వంగి, తనకొచ్చిన ఆ బొంగురు గొంతుతో, చుట్టూ రెండు వరసలకి వినపడేలా గుసగుసలాడాడు:

"అక్కా, అది భోజనాలప్పటి 'రాను' కదా?"