గడియ

ఇవాళ స్నానానికి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాను.

పదమూడో ఏట మొదలైన ఫిట్స్ ముప్పై ఒకటో ఏట మెదడుకు ఆపరేషన్ అయ్యేదాకా నన్ను వదల్లేదు. ఆ పద్దెనిమిదేళ్లూ మా స్నానాలగదికి లోపల గడియ లేదు. నేను లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టేంత వ్యవధి ఉండదని అమ్మ మొదట్లోనే ఊడదీయించేసింది. తలుపు దగ్గరికి వేసుకుని స్టూలు మీద కూర్చుని నీళ్లు పోసుకునేదాన్ని. బయట అమ్మ ఏదో ఒక పని పెట్టుకుని అక్కడక్కడే తిరుగుతుండేది. ఆపరేషన్ అయి పదహారు నెలలు. ఒక్కసారి కూడా రాలేదు. పోయిన నెల తమ్ముడు కొత్త గడియ తెచ్చి బిగించాడు. నెల్లాళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాను, ముట్టుకోలేదు. ఇవాళ పొద్దున చెయ్యి దానంతటదే వెళ్లింది.

కొత్తది కదా, బిగువుగా ఉంది. టక్కున పడింది. ఆ చప్పుడు వంటింటి దాకా వినపడినట్టుంది. స్నానం చేసి తలుపు తీసేసరికి అమ్మ ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో మడతపెట్టిన తువ్వాలుతో. "తువ్వాలు మర్చిపోయావేమోనని" అంది. నా తువ్వాలు నా భుజం మీదే ఉంది. అయినా అమ్మ చేతిలోది కూడా తీసుకున్నాను.

అప్పటినుంచీ మనసు అక్కడే ఉంది. మధ్యాహ్నం బీరువాలోంచి పాత నోటు పుస్తకం తీశాను. ఫిట్ వచ్చినప్పుడల్లా తేదీ, టైము, ఎంతసేపు ఉంది, ఏం జరిగింది రాయమని డాక్టర్ గారు చెప్పారు. మొదటి పేజీలో తమ్ముడి పెద్ద పెద్ద అక్షరాలు: "పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి." మిగతాదంతా అమ్మ చేతిరాత. నేను రాసిన పేజీ ఒక్కటీ లేదు, రాయడానికి నాకేం తెలుసు గనుక! ఫిట్ అంటే నాకు మొదలొక్కటే తెలుసు. కడుపులోంచి ఏదో గుండె దాకా లేచేది, ఇదంతా ఇదివరకే జరిగిందే అనిపించేది, భయం కమ్మేది. ఆ తర్వాత కళ్లెదుట మొహాలు. మధ్యలో నేను ఎలా ఉన్నానో చూసింది అమ్మే.

ఒక పేజీ ఇలా ఉంది: "సాయంత్రం 6:40. రెండు నిమిషాలు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. పెదాలు చప్పరించింది. కుడిచెయ్యి బిగుసుకుంది, ఎడమచేత్తో దుప్పటి అంచు నలుపుతూ ఉంది. పది నిమిషాల దాకా మాట రాలేదు. నన్ను గుర్తుపట్టింది."

ఆ చివరి మాట రాయమని డాక్టర్ గారు చెప్పలేదు. పేజీలు తిప్పాను. ప్రతి ఫిట్ కిందా అదే మాట. నన్ను గుర్తుపట్టింది. నన్ను గుర్తుపట్టింది. ఒకచోట "ఆలస్యంగా" అని ఉంది, దాని కింద గీత గీసి ఉంది.

ఆ పుస్తకమే నన్ను ఆపరేషన్ దాకా తీసుకెళ్లింది. కుడిచెయ్యి బిగుసుకోవడం, మాట ఆగిపోవడం చదివి డాక్టర్ గారు మెదడులో ఎడమవైపును అనుమానించారు. రెండు మందులు సరిగ్గా వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారట. నేను అప్పటికి నాలుగు వాడాను. ఎమ్మారైలో ఎడమ హిప్పోకాంపస్, అంటే జ్ఞాపకాలు నిలవడానికి కావలసిన మెదడు భాగం, కుంచించుకుపోయి గట్టిపడి కనిపించింది. తర్వాత వీడియో ఈఈజీ, అంటే ఫిట్ వచ్చినప్పుడు మనిషినీ మెదడులోని విద్యుత్ సంకేతాలనూ కలిపి రికార్డు చేసే పరీక్ష. తలనిండా తీగలు అతికించి, మాత్రలు తగ్గించి, ఫిట్ ఎప్పుడొస్తుందా అని అందరం ఎదురుచూశాం. రావాలని కోరుకున్నది జీవితంలో ఆ నాలుగు రోజులే.

నేను చదవకుండా ఉండాల్సింది ఒకటి అప్పుడు చదివాను. 1953లో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛ తగ్గించడానికి రెండువైపులా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి, కానీ కొత్తగా జరిగినదేదీ ఆయనకు గుర్తు నిలవలేదు. 2008లో చనిపోయేదాకా అంతే. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అందుకే ఇప్పుడు ఒక్కవైపే తీస్తారని, రెండోవైపు జ్ఞాపకశక్తి ఎలా ఉందో ముందే పరీక్షిస్తారని డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. 2001లో వచ్చిన ఒక అధ్యయనం గురించి కూడా చెప్పారు. నాలాంటి 80 మందిలో సగం మందిని ఆపరేషన్‌కి, సగం మందిని మందులకే పంపితే, ఏడాది తర్వాత స్పృహ తప్పించే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఆపరేషన్ వైపు నూటికి 58, మందుల వైపు 8. ఆ 8లో ఉండాలని ఇంకెన్నాళ్లు ఎదురుచూడను?

ఊరికే ఏదీ రాలేదు. కుడివైపు పైమూల నాకు కొంత చూపు పోయింది. చూపు దారి ఆపరేషన్ చేసిన చోటు మీదుగానే పోతుందట. తెరిచిన అల్మరా తలుపు తలకు తగిలేదాకా తెలియదు. మాటలు కూడా చేతికందినట్టే అంది జారిపోతాయి. ఇవాళ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే "స్టేప్లర్" అనే మాట దొరక్క "కాగితాలు కుట్టేది" అన్నాను. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా ఆగింది. ఆ ఆగడం ఎంత పెద్ద సాయమో ఆమెకు చెప్పాలి. చుట్టాలు మాత్రం "ఆపరేషన్ అయిందిగా, ఇంకా మాత్రలెందుకు?" అంటారు. ఫిట్స్ రాకపోయినా ఏడాదీ రెండేళ్లూ వాడించి తర్వాతే మెల్లగా తగ్గిస్తారు, కొందరికి పూర్తిగా ఆపడం కుదరదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ప్రశ్న.

సాయంత్రం లిఫ్ట్‌లో దిగుతుంటే కడుపులోంచి ఏదో పైకి లేచింది. చెయ్యి గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఇదివరకే జరిగినట్టు అనిపిస్తోందా? లేదు. భయం? ఉంది, కానీ అది మామూలు భయం, నాది. తలుపు తెరుచుకుంది. పిల్లలెవరో "దిగుతారా ఆంటీ?" అన్నారు. వాళ్లకు జవాబు చెప్పాను. మాట వచ్చింది. లిఫ్ట్ దిగితే అందరికీ కడుపులో అలాగే ఉంటుందని అప్పుడు తట్టింది. పద్దెనిమిదేళ్లు లిఫ్ట్ ఎక్కనిస్తే కదా నాకు తెలియడానికి.

రాత్రి అమ్మ పక్కన కూర్చుని పుస్తకం చూపించాను. "ప్రతిసారీ ఇది ఎందుకు రాశావమ్మా?" అని అడిగాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది, వేలితో ఆ అక్షరాలు తడిమింది. "ఒక్కోసారి కళ్లు తెరిచి నావంక చూస్తూనే ఎవరో అన్నట్టు చూసేదానివి. మళ్లీ అమ్మా అనేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు" అంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

కాసేపాగి అడిగాను, "రేపు కూడా గడియ పెట్టుకోనా?"

"పెట్టుకో" అంది. లేచి రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "కాకపోతే లోపల ఏదో ఒకటి పాడుకుంటూ ఉండవే. నాకు వినపడుతుంటుంది."

సరేనన్నాను. తొమ్మిదైంది, మాత్ర వేసుకున్నాను.