కొలంబస్‌లో నవంబర్ ఆఖరి శనివారం

థాంక్స్‌గివింగ్ వారంలో డెట్రాయిట్ వైపు నుంచి ఒహాయోకి కారులో వెళ్లేవాళ్లకి ఆ దారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. టొలీడో దాటాక 75వ నంబరు హైవే, ఫైండ్లే దగ్గర అది వదిలేసి 15, కేరీ దగ్గర 23, అక్కణ్ణుంచి డెలవేర్ దాకా కోతలైపోయిన మొక్కజొన్న చేలే. ఈసారి తేడా ఏంటంటే, మిషిగన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల మధ్య ఏటా జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం దారి పొడుగునా కార్లకి జెండాలు. టొలీడో వరకూ మిషిగన్ వాళ్ల నీలం, పసుపు. అది దాటాక అన్నీ ఒహాయో స్టేట్ ఎరుపే. ఈ టొలీడో కోసమే 1835లో మిషిగన్, ఒహాయో రెండూ సైన్యాల్ని పోగేసుకుని సరిహద్దుకి వచ్చాయి. చివరికి ఊరు ఒహాయోకి దక్కింది, బదులుగా మిషిగన్‌కి పైనున్న అడవుల ద్వీపకల్పం ఇచ్చి 1837లో రాష్ట్రం చేశారు. ఫుట్‌బాల్ పుట్టకముందే పుట్టిన తగాదా అన్నమాట.

నేను రాస్తున్నది 2024 నవంబర్ 30, ఆ ఒక్క శనివారం గురించే. మిగతా సెలవులన్నీ చుట్టాల ఇళ్లు, భోజనాలు, షాపింగుతో గడిచిపోయాయి. వాటిలో రాయడానికేం లేదు.

మా ఆవిడ యాన్ ఆర్బర్‌లో, మిషిగన్ యూనివర్సిటీలో చదివింది. మా బావమరిది కొలంబస్‌లో, ఒహాయో స్టేట్‌లో ఎం.ఎస్. చేసి అక్కడే శివారు డబ్లిన్‌లో స్థిరపడ్డాడు. ఏడాది పొడుగునా రోజూ మాట్లాడుకునే అక్కాతమ్ముళ్లు ఈ మ్యాచ్ వారం వచ్చేసరికి ఫోన్లు మానేస్తారు. 2016లో రెండో ఓవర్‌టైమ్‌లో, నాలుగో డౌన్‌లో, అంటే ముందుకెళ్లడానికి మిగిలిన ఆఖరి ప్రయత్నంలో, ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టుని నడిపే ఆటగాడు) జె.టి. బారెట్ ఆ ఒక్క యార్డు దాటాడా లేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. రిఫరీలు దాటాడన్నారు, తర్వాతి ఆటకే టచ్‌డౌన్ పడింది, ఒహాయో స్టేట్ 30-27తో గెలిచింది. అప్పుడు స్టూడెంట్‌గా స్టేడియంలోనే ఉన్న మా బావమరిది "నా కళ్లతో చూశాను అక్కా" అంటాడు. "నువ్వు కూర్చున్న చోటు నుంచి ఏం కనిపించిందిరా" అంటుంది ఈవిడ. మిషిగన్‌లోని నోవైలో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ నేను ఇదంతా వింటూనే ఉన్నాను గానీ, ఒక్క ఆటకి మనుషులు ఇంతలా ఎందుకు అతుక్కుపోతారో నాకు అర్థమయ్యేది కాదు. అందుకే బావమరిది టికెట్ ఉంది రమ్మనగానే బయల్దేరాను.

టికెట్ ధర గురించి మాత్రం చెప్పుకోవాలి. రీసేల్‌లో ఒక్కోటి మూడొందల డాలర్లు దాటింది, అదీ పై డెక్కులో. ముగ్గురం వెళ్దామంటే మరీ ఎక్కువైపోతుందని మా ఆవిడ పిల్లలతో ఇంట్లోనే ఉండి టీవీలో చూస్తానంది. పొద్దున్నే పెసరట్లు తిని, హై స్ట్రీట్‌కి తూర్పున ఒక సందులో ఎవరో ఇంటిముందు పచ్చిక మీద కారు పెట్టుకున్నందుకు 60 డాలర్లు సమర్పించుకున్నాం. అట్టముక్క మీద మార్కర్‌తో 40 అని రాసి, దాన్ని కొట్టేసి 60 చేశారు. మట్టిలో దిగబడే చోటికి ఇంత డబ్బు తీసుకోవడం నాకైతే అన్యాయమే అనిపించింది. బావమరిది మాత్రం "ఈ ఒక్కరోజుకి ఇదే రేటు బావా" అని ఇచ్చేశాడు. నా జాకెట్ ముదురు నీలం. అది వేసుకుని తన పక్కన నడవడానికి వీల్లేదని కారులోనే విప్పించి తన పాత బూడిదరంగు కోటు ఇచ్చాడు.

క్యాంపస్‌లో బోర్డుల మీద ఎక్కడ ఎం అక్షరం, అంటే మిషిగన్ మొదటి అక్షరం, కనిపిస్తే అక్కడ ఎర్ర టేపుతో అడ్డంగా కొట్టేశారు. దగ్గరికెళ్లి చూశాను. చేతికొచ్చినట్టు అంటించింది కాదు, అక్షరం మూల నుంచి మూలకి కొలిచినట్టు, చివర్లు బ్లేడుతో కోసి అంటించారు. చలికి వేళ్లు కొంకర్లు పోయే వేళ ఎవరో నిచ్చెనేసుకుని ఎక్కి చేసిన పని అది.

స్టేడియం గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. 1922లో కట్టారు, లక్షా రెండు వేల పైచిలుకు మంది పడతారు. ఒక కాలేజీ జట్టు ఆటకి ఇంతమంది. నేను చదివింది విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో. ఉస్మానియాతోనో ఇంకోదానితోనో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి మా హాస్టల్ కుర్రాళ్లు కిట్లు భుజాన వేసుకుని వెళ్లేవాళ్లు. గెలిచారో ఓడారో వాళ్లు తిరిగొచ్చాక మెస్సులో అడిగితే తప్ప తెలిసేది కాదు. వాళ్లలో ఒకడు నా పక్క గదిలోనే ఉండేవాడు, వాడి ఆట నేనొక్కసారీ చూడలేదు. ఆ మెట్లెక్కుతుంటే అదే గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మా వరసలో నా ఎడమవైపు ఒక పెద్దాయన. డెబ్బై దాటుంటాయి. అల్యూమినియం బెంచీ మీద కూర్చోగానే చలి ఎముకల్లోకి దిగుతోంది, కింద సిమెంటు అయితే బూట్లలోంచి ప్రాణం లాగేస్తోంది. ఆయన నా కాళ్లవైపు చూసి, తన కాళ్ల కింద పరుచుకున్న అట్టపెట్టెని సగానికి చింపి ఒక ముక్క నాకిచ్చాడు. చలి వేసేది కాళ్ల కింద నుంచే, పైన ఎన్ని కోట్లు వేసుకున్నా లాభం లేదన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో పాదాలకి జీవం వచ్చింది. బ్యాండు వాళ్లు మైదానంలో ఒహాయో పేరు రాసుకుంటూ నడిచి, చివర్లో సూసఫోన్ అనే పెద్ద బాకా పట్టుకున్న కుర్రాడు వచ్చి ఐ మీద చుక్కగా నిలబడ్డప్పుడు ఆయన టోపీ తీశాడు, ఆ చలిలో.

ఆట గురించి తెలిసినవాళ్లకి తెలిసిందే. ఒహాయో స్టేట్ దేశంలో రెండో ర్యాంకు. మిషిగన్ ఆరు గెలిచి అయిదు ఓడి వచ్చింది, విల్ జాన్సన్, కోల్స్టన్ లవ్‌ల్యాండ్ లాంటి ముఖ్యమైన ఆటగాళ్లు లేరు. ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోతుందని పందేలవాళ్ల లెక్క. అయినా సగం ఆటకి స్కోరు 10-10.

పెద్దాయన స్కోర్‌బోర్డు వంక చూసి, ఈ అంకె నాకు పడదు అన్నాడు. ఎందుకని అడిగితే మొదలుపెట్టాడు. 1973. రెండు జట్లకీ ఆ ఏడాది ఓటమి లేదు. యాన్ ఆర్బర్‌లో ఆట 10-10 దగ్గరే ఆగిపోయింది, అప్పట్లో ఓవర్‌టైమ్ లేదు. సీజన్ తర్వాత కాలిఫోర్నియాలో జరిగే రోజ్ బౌల్ ఆటకి ఎవరు వెళ్లాలో మైదానంలో తేలలేదు కాబట్టి మర్నాడు, ఈ రెండు జట్లూ ఉన్న బిగ్ టెన్ లీగు యూనివర్సిటీల అథ్లెటిక్ డైరెక్టర్లు ఓట్లేసి ఒహాయో స్టేట్‌ని పంపించారు. ఆ ఆటలో మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డెనిస్ ఫ్రాంక్లిన్‌కి మెడ దగ్గరి ఎముక విరిగింది, అదీ ఓట్ల మీద పనిచేసింది. మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్ ఆ ఓటుని జీవితాంతం క్షమించలేదట. పెద్దాయన అప్పుడు కాలేజీ కుర్రాడు, ఆ వార్త విని వీధిలో గంతులేశాడు. పిల్లలు పుట్టాక, పెద్దవాడయ్యాక ఆలోచిస్తే అది తప్పనిపించిందట. ఆడి తేల్చుకోవాల్సింది గదిలో కూర్చుని తేల్చకూడదు, వాళ్లకి అన్యాయం జరిగింది అన్నాడు. ఇంత చెప్పినా మిషిగన్ అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు, ఉత్తరాన ఉన్న ఆ జట్టు అనే అన్నాడు. అవతలి వాళ్లకి జరిగిన అన్యాయాన్ని యాభై ఏళ్లు మోసిన మనిషి ఆయన. వైరం అంటే ద్వేషం ఒక్కటే అనుకునే నాకు అక్కడే మొదటి దెబ్బ తగిలింది.

అక్కణ్ణుంచి మాటలు, జాతీయ చాంపియన్‌ని తేల్చడానికి ఆ ఏడాది కొత్తగా వచ్చిన 12 జట్ల ప్లేఆఫ్ మీదికి మళ్లాయి. 2014 నుంచి నాలుగు జట్లే ఉండేవి, నవంబర్ చివర్లో ఒక్క ఓటమి పడితే చాలాసార్లు కథ అక్కడితో ముగిసేది. ఇప్పుడు ఓడినా ఒహాయో స్టేట్ ప్లేఆఫ్‌కి వెళ్తుంది, అది మా అందరికీ తెలుసు. పెద్దాయన బాధంతా అదే. ఓడినా పర్లేదన్న ఆటకి మా నాన్న నన్ను తీసుకొచ్చేవాడు కాదు అన్నాడు. మా బావమరిది ఒప్పుకోలేదు. ఒక్క చెడ్డ మధ్యాహ్నానికి ఏడాది కష్టమంతా పోవడం ఏం న్యాయం అని వాడి వాదన. వెనక వరసలో ఇంకొకాయన కలగజేసుకుని, అసలు ఈ ఆటని అక్టోబర్‌కి మార్చాలి, లేకపోతే ఇక్కడ ఆడిన రెండు జట్లే మళ్లీ వారానికి ఇండియానాపొలిస్‌లో బిగ్ టెన్ ఫైనల్ ఆడాల్సి రావచ్చు, రెండింటికీ విలువుండదు అన్నాడు. లీగులో జట్లని రెండు డివిజన్లుగా విడదీయడం మానేశాక అది జరగొచ్చు, నిజమే. పెద్దాయన వెనక్కి తిరిగి ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను. 1935 నుంచి సీజన్ చివర్లోనే ఆడుతున్నారు అని మాత్రం అన్నాడు.

రెండో సగంలో ఒహాయో స్టేట్ ఒక్క పాయింటూ చేయలేదు. ఆట మొత్తం మీద వాళ్లవి రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోలు కర్రల మధ్యకి తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) పోయాయి, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ విసిరిన బంతులు రెండు మిషిగన్ చేతికి చిక్కాయి. చివర్లో మిషిగన్ ఆటగాడు కలేల్ మలింగ్స్ గుంపులోంచి బయటపడి 27 యార్డులు పరిగెత్తినప్పుడు చుట్టూ అరుపులు ఉన్నట్టుండి తెగిపోయాయి. 45 సెకన్లు ఉందనగా మిషిగన్ తరఫున డొమినిక్ జ్వాడా 21 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 13-10. మిషిగన్‌కి వరసగా నాలుగో గెలుపు.

తర్వాత జరిగింది టీవీలో అందరూ చూశారు. మిషిగన్ కుర్రాళ్లు మైదానం మధ్యలో జెండా పాతబోవడం, తోపులాట, పోలీసుల పెప్పర్ స్ప్రే. బిగ్ టెన్ రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్లు జరిమానా వేసింది. పై నుంచి మాకు చీమల్లా కదిలే రంగులు తప్ప ఏమీ కనిపించలేదు, కళ్లు తుడుచుకుంటున్న వాళ్లు మాత్రం తెలిశారు. ఇరవయ్యేళ్ల పిల్లలు గెలుపులో కాస్త అతి చేస్తారు, ఓటమిలో తట్టుకోలేరు. కానీ అవతలివాళ్ల ఇంటి నడిమధ్య జెండా పాతడం నాకు నచ్చలేదు. మా ఆవిడకి ఫోన్లో ఆ మాటే చెప్తే, 13-10 గురించి చెప్పు ముందు అంది.

నన్ను కదిలించింది ఆ గొడవ కాదు. మెట్లు దిగుతున్న వేలమంది. ప్లేఆఫ్ ఖాయమని వాళ్లలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట చెప్పుకుని ఓదార్చుకోవడం నాకు వినిపించలేదు. కోచ్ రయన్ డేని తీసేయాలని గొంతు చించుకున్నవాళ్లున్నారు, పిల్లాణ్ణి భుజాన వేసుకుని నేల చూపులతో నడిచినవాళ్లున్నారు. పెద్దాయన అట్టముక్కలు రెండూ జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని, నాకు చెయ్యిచ్చి వెళ్లిపోయాడు. బావమరిది డబ్లిన్ చేరేదాకా నోరు విప్పలేదు. ఇంట్లో మా ఆవిడ తలుపు తీసి, గెలిచిన మనిషి అయ్యుండి కూడా, ఏమీ అనకుండా వాడికి వేడి వేడి చారు గిన్నెలో పోసిచ్చింది.

ఆ తర్వాత సంగతి తెలిసిందే. అదే స్టేడియంలో టెన్నెసీని 42-17, రోజ్ బౌల్‌లో ఒరెగాన్‌ని 41-21, కాటన్ బౌల్‌లో టెక్సస్‌ని 28-14, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి ఒహాయో స్టేట్ జాతీయ చాంపియన్ అయింది. తీసేయాలన్న కోచే కప్పు తెచ్చాడు. టెన్నెసీ ఆటకైతే కొలంబస్‌వాళ్లు చాలామంది టికెట్లు అమ్మేసుకోవడంతో స్టాండ్లలో టెన్నెసీ వాళ్ల నారింజ రంగు కనిపించింది. మూడు వారాల కిందటి ఆ ఓటమి గాయం అంత పచ్చిగా ఉందన్నమాట.

ఫైనల్ అయిన రాత్రి వాడికి ఫోన్ చేశాం. వెనక అరుపులు, కేకలు. ఆ కప్పు ఇచ్చేసి నవంబర్ ఆట గెలిపిస్తామంటే ఒప్పుకుంటావా అని అక్క అడిగింది. "కప్పు ఇవ్వను అక్కా" అన్నాడు వెంటనే. ఒక్క క్షణం ఆగి, "నాలుగేళ్లు వరసగా ఓడటం మాత్రం ఇంకా లోపల కొడుతోంది" అన్నాడు. ప్లేఆఫ్ పెంచితే ఈ ఆట విలువ పోతుందని వాదించేవాళ్లు ఆ గొంతు వినాలి. విలువ ప్లేఆఫ్ ఇచ్చింది కాదు కాబట్టి అది తీసేసుకోలేదు. అక్టోబర్‌కి మార్చడం మాత్రం నాకిష్టం లేదు. పండక్కి ఊళ్లకొచ్చిన అన్నదమ్ములూ తండ్రీకొడుకులూ ఒకే ఇంట్లో ఉండే వారం అది, ఈ ఆట ఆ వారంలోనే ఉండాలి. మళ్లీ వారం అవే జట్లు ఇండియానాపొలిస్‌లో ఎదురుపడితే పడనివ్వండి, అప్పుడూ జనం వెళ్తారు.

తర్వాతి ఆట 2025 నవంబర్ 29న యాన్ ఆర్బర్‌లో, మా ఇంటికి అరగంట. బావమరిది దానికి ముందే సెలవు పెట్టేశాడు. మా ఆవిడ ఈసారి పిల్లల్ని పక్కింటివాళ్లకి అప్పగించైనా సరే, మూడు టికెట్లు కావాలంది.