వెన్నెముక పక్కన గడ్డ: దాని పేరు తేలేదాకా నా అనుభవం

నా కడుపులో ఉన్నది ష్వానోమా, అంటే నరం తొడుగు మీద వచ్చే, సాధారణంగా క్యాన్సర్ కాని గడ్డ అని తేలేలోపు ఆ గడ్డ గురించి రిపోర్టుల్లో చాలా మాటలు చదివాను. మొదటిదాంట్లో "రెట్రోపెరిటోనియల్ మాస్", అంటే కడుపు వెనక భాగంలో గడ్డ అని మాత్రమే ఉంది. తర్వాతిదాంట్లో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), సార్కోమా (కండరం, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్), పారాగాంగ్లియోమా (హార్మోన్లు తయారుచేసే ఒక గడ్డ), నరానికి సంబంధించిన గడ్డ, అన్నీ ఒకే వరసలో రాసి ఉన్నాయి. ఇలాంటి రిపోర్టు పట్టుకుని అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కుంటున్నవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. వాళ్ల కోసం ఏ పరీక్ష ఎందుకు చేశారో, దానితో ఏం తేలిందో, ఏం తేలలేదో రాస్తున్నాను.

మొదలైంది అల్ట్రాసౌండ్‌తో. కుడివైపు పక్కటెముకల కింద అప్పుడప్పుడు నొప్పి వస్తుంటే గాల్ బ్లాడర్‌లో రాళ్లేమోనని స్కాన్ రాశారు. రాళ్లు లేవు. కానీ కుడి కిడ్నీకి కాస్త కింద, లోపలివైపుగా, అంచులు స్పష్టంగా ఉన్న ఒక గడ్డ కనిపించింది. పేగుల్లో గ్యాస్ అడ్డం వస్తే వెనక భాగం సరిగా కనిపించదని, అది ఎక్కడి నుంచి పుట్టిందో తాను చెప్పలేనని సోనాలజిస్టు అన్నారు. నా నొప్పి తర్వాత అసిడిటీ మందులతో తగ్గిపోయింది. ఇలాంటి గడ్డలు చాలావరకు ఇలాగే, వేరే దేనికోసమో స్కాన్ తీస్తే బయటపడతాయట. పేగుల వెనక, వెన్నెముకకు ముందు ఉండే ఆ చోట గడ్డ పెరగడానికి జాగా ఎక్కువ. పెద్దదయ్యేదాకా దేన్నీ నొక్కదు, నొప్పీ పెట్టదు.

తర్వాత సీటీ. దానికి ముందు రక్తంలో క్రియాటినిన్ చూశారు, ఎందుకంటే ఎక్కించే డై కిడ్నీల గుండా బయటికి పోవాలి. డై ఎక్కుతుంటే ఒళ్లంతా వెచ్చగా అయింది, మూత్రం వచ్చేస్తుందేమో అనిపించింది. అలా అనిపిస్తుందని టెక్నీషియన్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. రిపోర్టులో గడ్డ సైజు 6.4 × 5.1 సెంటీమీటర్లు. కుడివైపు సోయాస్ కండరానికి (నడుము నుంచి తొడకు వెళ్లేది) ముందు, వెన్నుపూసల పక్కనే ఉంది. లోపల అక్కడక్కడ నీరు నిండినట్టున్న భాగాలు. పెద్ద సిరను ముందుకు నెట్టింది. ఆఖర్న "ఇంప్రెషన్" అనే చోట ఆ నాలుగు పేర్లు.

ఆ నాలుగిట్లో నా కళ్లకు సార్కోమా ఒక్కటే కనిపించింది. మావారు రిపోర్టును నా చేతిలోంచి తీసుకుని మడిచి సంచిలో పెట్టేశారు. "డాక్టర్ చదివేదాకా మనం చదవొద్దు" అన్నారు. అయినా చదివాను, చాలాసార్లు.

మొదట చూసిన సర్జన్ గారు వెంటనే ఆపరేషన్ చేసి తీసేద్దామన్నారు. అది ఏమిటో తీశాక పాథాలజీలో ఎలాగూ తెలుస్తుందన్నారు. ఆ మాట ధైర్యంగానే అనిపించింది, గడ్డ ఒంట్లో ఉందని తెలిశాక ఎవరికైనా అది పోవాలనే ఉంటుంది. కానీ మా తమ్ముడు పట్టుబట్టి సార్కోమాలు ఎక్కువగా చూసే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్ గారు రిపోర్టు పక్కనపెట్టి, సీడీ పెట్టి బొమ్మలే చూశారు. "అమ్మా, పేరు తెలియకుండా దీని మీద కత్తి పెట్టకూడదు. సార్కోమా అయితే చుట్టుపక్కల భాగాలతో కలిపి తీయాలి. నరం మీద వచ్చే మామూలు గడ్డయితే నరాన్ని కాపాడుతూ గడ్డను మాత్రమే తీయొచ్చు, ఒక్కోసారి తీయకుండా గమనిస్తూ ఉండొచ్చు. రెండూ పూర్తిగా వేరే ఆపరేషన్లు" అన్నారు. ఈ అనుభవం మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఇదే. పేరు తేలడానికి ఇంత టైమ్ ఎందుకు పెడుతున్నారో ఆ తర్వాత ఎప్పుడూ అడగాల్సిన అవసరం రాలేదు.

ఆయన ఇంకో మాట అడిగారు: "ఇంతకుముందెప్పుడైనా కడుపుకి సీటీ తీయించారా?" తీయించాను, కొన్నేళ్ల కిందట, కిడ్నీలో రాయి కోసం, డై లేకుండా. ఆ సీడీ ఇంట్లో బీరువాలో పాత కాగితాల మధ్య దొరికింది. అందులో రేడియాలజిస్టు అదే చోట ఆ గడ్డను చూపించారు. అప్పటికి చిన్నది, డై లేకపోవడంతో కండరంలో కలిసిపోయినట్టుంది. అప్పటి రిపోర్టులో దాని ప్రస్తావన లేదు. అది చూశాక నాకు మొదట కోపం వచ్చింది. కానీ ఆ పాత బొమ్మల వల్లే, గడ్డ ఇన్నేళ్లలో చాలా నెమ్మదిగా పెరిగిందని తెలిసింది. అంత నెమ్మదిగా పెరిగేది మొండి క్యాన్సర్ అయ్యే అవకాశం తక్కువ. రుజువు మాత్రం కాదు. కొన్ని రకాల సార్కోమాలు కూడా నిదానంగానే పెరుగుతాయని ఆయనే చెప్పారు. మీ పాత స్కాన్‌ల సీడీలు, ఫిల్ములు దయచేసి పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే నా విషయంలో ఏమీ తెలిసేది కాదు.

ఎమ్మారైలో చాలా సంగతులు బయటపడ్డాయి. రేడియాలజిస్టు ఓపిగ్గా తెర మీద చూపించారు, అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఎమ్మారైలో టీ1, టీ2 అని వేర్వేరు రకాల బొమ్మలు తీస్తారు. టీ1 బొమ్మల్లో గడ్డ పక్కనున్న కండరంలాగే బూడిద రంగులో ఉంది. టీ2లో తెల్లగా మెరుస్తోంది, నీరు నిండిన భాగాలు ఇంకా తెల్లగా. గడ్డ చుట్టూ సన్నటి కొవ్వు అంచు చెదరకుండా ఉంది. అంటే పక్కవాటిని నెట్టిందే తప్ప వాటిలోకి చొచ్చుకుపోలేదు. అన్నిటికన్నా ముఖ్యం, గడ్డ పై కొస సన్నబడి తోకలా సాగి, వెన్నుపూసల వైపు నుంచి వచ్చే ఒక నరంతో కలుస్తోంది. "నరం లోపలికి వెళ్లి అవతలికి వచ్చినట్టు కనిపిస్తే మాకు సగం జవాబు దొరికినట్టే" అన్నారామె. నరాల గడ్డల్లో మధ్యలో నల్లగా, చుట్టూ తెల్లగా కనిపించే "టార్గెట్ సైన్" ఒకటి ఉంటుందట. నాకది లేదు. ష్వానోమా పాతబడే కొద్దీ లోపల నీటి తిత్తులు ఏర్పడి ఆ గుర్తు చెరిగిపోవచ్చు, లేదని భయపడక్కర్లేదు అన్నారు. వెన్నుపూసల మధ్య నరం బయటికొచ్చే రంధ్రం వెడల్పయిందా అని కూడా చూశారు, ఎందుకంటే కొన్ని గడ్డలు ఆ రంధ్రంలోంచి వెన్నుపాము వైపుకి పాకుతాయి. నాకు అలా లేదు.

ష్వానోమా అంటే ఏమిటో కూడా ఆమే చెప్పారు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరం మీద ఒక పొర ఉంటుంది, ఆ పొరను కట్టే కణాలను ష్వాన్ కణాలంటారు. 1839 ప్రాంతంలో వాటిని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ పేరే వాటికి పెట్టారు. ఆ కణాలు గడ్డ కడితే ష్వానోమా. ఇవి తల, మెడ, కాళ్లు చేతుల్లోనే ఎక్కువ. కడుపు వెనక రావడం అరుదు, అందుకే రిపోర్టు రాసేవాళ్లకు మొదట ఆ పేరు తట్టదు.

పెట్ స్కాన్ చేయిస్తే క్యాన్సరో కాదో తేలిపోతుంది కదా అని బంధువులందరూ అడిగారు. నేనూ అడిగాను. ష్వానోమా క్యాన్సర్ కాకపోయినా పెట్‌లో బాగా వెలిగే అవకాశం ఉందట. వెలిగిందని క్యాన్సర్ అనుకోలేం, అప్పుడు ఎలాగూ బయాప్సీకే వెళ్లాలి. కాబట్టి నా విషయంలో వద్దన్నారు.

బయాప్సీకి ముందు ఒక రక్తపరీక్ష పెట్టారు, దాని సంగతి వివరంగా చెప్పాలి. పారాగాంగ్లియోమా అనే గడ్డ కూడా సరిగ్గా ఇదే చోట వస్తుంది, స్కాన్‌లో దాదాపు ఇలాగే ఉండొచ్చు. అది అడ్రినలిన్ లాంటి హార్మోన్లను తయారుచేస్తుంది. తెలియక సూది గుచ్చితే ఆ హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పెరగొచ్చు. అందుకని ముందు రక్తంలోనో, 24 గంటల మూత్రంలోనో మెటానెఫ్రిన్స్ (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) చూస్తారు. నన్ను కాసేపు కదలకుండా పడుకోబెట్టి ఆ తర్వాతే రక్తం తీశారు, ఎందుకంటే కూర్చుని ఉన్నా, టెన్షన్‌లో ఉన్నా ఆ విలువలు పెరుగుతాయి. వాడుతున్న మందులన్నీ అడిగి రాసుకున్నారు. గుండె దడ, ఉన్నట్టుండి చెమటలు, తలనొప్పి వస్తాయా అని కూడా అడిగారు. రిజల్ట్ నార్మల్ వచ్చింది. కడుపు వెనక గడ్డకి బయాప్సీ చేస్తామని ఎవరైనా అంటే, మెటానెఫ్రిన్స్ చూశారా అని తప్పకుండా అడగండి. అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోరు.

బయాప్సీ సీటీ గదిలోనే. బోర్లా పడుకోబెట్టి వీపు వైపు నుంచి సూది వేశారు. ముందు వైపు నుంచి వేస్తే పేగులు అడ్డం, పైగా ఒకవేళ క్యాన్సర్ అయితే ఆ కణాలు కడుపు లోపలి పొరలో పడే ప్రమాదం. మత్తు సూది చర్మానికి, కండరానికి ఇచ్చారు. బయట ఒక గొట్టపు సూది ఉంచేసి దానిలోంచి లోపలి సూదితో కొన్ని సన్నటి ముక్కలు తీశారు, తీసినప్పుడల్లా టక్కుమని శబ్దం. ఒకసారి కుడి తొడ ముందు భాగంలోకి షాక్ కొట్టినట్టు నొప్పి పాకింది. అరిచాను. "కదలకండమ్మా. ఎక్కడిదాకా పాకిందో చెప్పండి" అన్నారు డాక్టర్ గారు. మోకాలి పైదాకా అన్నాను. వెంటనే సూది కోణం మార్చారు. నరాల గడ్డల్లో బయాప్సీ అప్పుడు ఇలా జరగడం మామూలేనట, ఆ నొప్పి కూడా వాళ్లకు ఒక గుర్తేనట. తొడలో తిమ్మిరి కొన్నాళ్లుండి పోయింది. ఇది ముందే తెలిసి ఉంటే అంత భయపడేదాన్ని కాను, అందుకే చెబుతున్నాను.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది సూది కాదు, రిపోర్టు రెండు విడతలుగా రావడం. మొదటి కాగితంలో "స్పిండిల్ సెల్ లీజన్, ఐహెచ్‌సీ అవసరం" అని ఉంది. కదురు ఆకారపు కణాలు సార్కోమాలోనూ ఉంటాయి, ష్వానోమాలోనూ ఉంటాయి, ఇంకా చాలావాటిలో ఉంటాయి. ఆ ఒక్క వాక్యంతో ఎటూ తేలదు. పైగా కొన్ని కణాల కేంద్రకాలు పెద్దవిగా, వికారంగా ఉన్నాయని కూడా రాశారు. ఆ వారాంతం ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు.

ఐహెచ్‌సీ అంటే కణాల్లో ఏయే ప్రొటీన్లు ఉన్నాయో రంగుల ద్వారా పట్టుకోవడం. రెండో రిపోర్టులో ఎస్-100, సాక్స్-10 రెండూ బలంగా పాజిటివ్, గడ్డ అంతటా. అవి ష్వాన్ కణాల్లో ఉండే ప్రొటీన్లు. డెస్మిన్, ఎస్ఎంఏ నెగెటివ్, అంటే కండరానికి చెందింది కాదు. సీడీ117, డాగ్-1 నెగెటివ్, అంటే జీర్ణకోశం గోడల్లో పుట్టే జిస్ట్ కాదు. కణాలు విభజన చెందే వేగం చెప్పే కేఐ-67 చాలా తక్కువ. కణాలు దట్టంగా ఉన్న ఆంటోని ఏ భాగాలు, పలచగా ఉన్న ఆంటోని బి భాగాలు రెండూ ఉన్నాయి. స్వీడన్ వైద్యుడు ఆంటోని 1920లో ఈ తేడా రాశాడట. కేంద్రకాలు ఎదురెదురుగా వరసల్లో నిలబడిన వెరోకే బాడీస్ కూడా కనిపించాయి, వాటికి 1910లో వాటిని వర్ణించిన పాథాలజిస్టు పేరు. ఇక ఆ వికారంగా ఉన్న కేంద్రకాల గురించి పాథాలజిస్టు గారిని కలిసి అడిగాను. చాలా ఏళ్లుగా ఉన్న ష్వానోమాలో కణాలు ముసలివై అలా మారతాయని, దాన్ని "ఏన్షియంట్ ష్వానోమా" అంటారని, 1951 నుంచి వైద్యులకు తెలిసిన సంగతేనని చెప్పారు. విభజన చెందుతున్న కణాలు లేకపోతే అది క్యాన్సర్ గుర్తు కాదన్నారు. పాత సీడీలో చూసిన నెమ్మది పెరుగుదలకీ, ఎమ్మారైలోని నీటి తిత్తులకీ, ఈ మాటకీ పొంతన కుదిరింది. సూదితో తీసింది చిన్న ముక్కే కాబట్టి ఇలా స్కాన్, సూక్ష్మదర్శిని, గడ్డ చరిత్ర మూడూ ఒకే మాట చెబితేనే డాక్టర్లందరూ కలిసి కూర్చునే మీటింగ్‌లో పేరు ఖాయం చేస్తారట. నా కేసులో చేశారు: రెట్రోపెరిటోనియల్ ష్వానోమా, బినైన్, అంటే క్యాన్సర్ కాదు.

ఒక్కటే గడ్డ, కుటుంబంలో ఎవరికీ లేదు, వినికిడి బాగుంది, చర్మం మీద కాఫీ రంగు మచ్చలు లేవు. కాబట్టి ఇది వంశపారంపర్యంగా వచ్చే న్యూరోఫైబ్రోమటోసిస్ (ఒంట్లో చాలాచోట్ల నరాల గడ్డలు వచ్చే జబ్బు) రకం కాదనీ, జన్యు పరీక్ష అక్కర్లేదనీ చెప్పారు. మా అమ్మాయికి పరీక్షలు చేయించాలా అని అడిగాను, వద్దన్నారు. ఆ రోజు నిద్రపట్టింది.

ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేకుండా గమనిస్తున్నారు. ష్వానోమా నరానికి ఒక పక్కన, సొంత పొరలో ఉంటుంది కాబట్టి అవసరమైతే నరాన్ని నిలబెట్టి తీసే వీలుంది, అయినా తొడ నరానికి ఎంతో కొంత దెబ్బ తగలొచ్చు. అందుకని గడ్డ వేగంగా పెరిగినా, మూత్రనాళాన్ని నొక్కినా, కాలిలో బలం తగ్గినా, రాత్రిళ్లు నొప్పి మొదలైనా అప్పుడు తీద్దామన్నారు. తర్వాతి ఎమ్మారై ఆరు నెలలకు. అదే సెంటర్‌లో, అదే పద్ధతిలో తీయించమని, కొలతలు పోల్చడానికి పాత బొమ్మలన్నీ వెంట తెమ్మని చీటీ మీద రాసిచ్చారు.