నిర్దోషి అని తేలాక పద్నాలుగేళ్లు

ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించడం కూడా ప్రాథమిక హక్కేనని మన రాజ్యాంగం 32వ అధికరణంలో చెప్పింది. 1948 డిసెంబరు 9న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ దీన్నే రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రుదుల్ సా కేసు గుర్తుకొస్తుంది.

బిహార్‌లోని ముజఫర్‌పూర్ సెషన్స్ కోర్టు 1968 జూన్ 3న అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. అతను జైలు నుంచి బయటపడింది మాత్రం 1982 అక్టోబరు 16న. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ సుప్రీంకోర్టులో విచారణకు వచ్చేసరికే విడుదల జరిగిపోయింది కాబట్టి, ఇక తేల్చవలసిందేమీ లేదని కోర్టు ఫైలు మూసేసే వీలుండేది, కానీ అలా చేయలేదు. మతిస్థిమితం లేనందువల్లే ఉంచామన్న ప్రభుత్వ వాదనకు సరైన ఆధారం లేదని గమనించిన కోర్టు, వట్టి విడుదల ఆదేశంతో సరిపెడితే జీవించే హక్కును మాటవరసకు గౌరవించినట్లే అవుతుందని భావించి, అప్పటికే ఇచ్చిన 5,000 రూపాయలు కాక మరో 30,000 చెల్లించాలని 1983లో ఆదేశించింది. హక్కుల రక్షణకు కోర్టు ఆదేశం కోరే రిట్ పిటిషన్‌లోనే నష్టపరిహారం ఇప్పించవచ్చన్న దారి అలా ఏర్పడింది. అయినా లెక్క వేస్తే ఏడాదికి 2,500 రూపాయలైనా రాలేదు. పరిహారం కోసం అతను విడిగా దావా వేసుకోవచ్చని కోర్టు చెప్పింది గానీ, అన్నేళ్లు జైల్లో మగ్గిన మనిషిని మళ్లీ కోర్టు మెట్లెక్కమనడం నాకిప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఈ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్, ఎమర్జెన్సీలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ కోరే అర్హతే లేదని 1976 ఏప్రిల్ 28న తేల్చిన నలుగురు న్యాయమూర్తుల్లో ఒకరు. న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఎమర్జెన్సీలో సైతం జీవించే హక్కును కాపాడే 21వ అధికరణం అమలును నిలిపివేయరాదని తర్వాత 44వ సవరణ నిర్దేశించింది. 1976 నాటి ఆ తీర్పును కొట్టివేసినట్లు సుప్రీంకోర్టు ప్రకటించడానికి 2017 దాకా పట్టింది.

ఆచరణలో చాలామంది 226వ అధికరణం కింద హైకోర్టులోనే రిట్ వేస్తారు. నిర్బంధంలో ఉన్నవారి తరఫున బంధువులు, స్నేహితులు కూడా హెబియస్ కార్పస్ వేయవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం చట్టమే కల్పించింది. ఆదేశం వచ్చిందని అక్కడితో ఊరుకోకూడదు. సర్టిఫైడ్ కాపీని సంబంధిత అధికారికి అందజేసి, అందినట్లు సంతకం, తేదీ వేయించుకోవాలి. ఆదేశం అమలు కాకపోతే, ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఏడాదిలోపు కోర్టు ధిక్కార పిటిషన్ వేయాలి. ఆనాడు ఆ కాగితమే సాక్ష్యమవుతుంది.