తుర్కియే–ఐరోపా సమాఖ్య: ఒక్క ప్రశ్నతో దారికొచ్చిన అంశం

మిత్రులారా, సివిల్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరులోని అంతర్జాతీయ సంబంధాలను ఎలా చదివారని కొందరు అడిగారు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ఒక్క అంశాన్ని, అంటే ఐరోపా సమాఖ్య (ఈయూ)లో చేరాలన్న తుర్కియే (టర్కీ) ప్రయత్నాన్ని తీసుకొని చెబుతాను.

హనుమకొండలో అద్దె గదిలో ఉండి చదువుకునే రోజుల్లో, పాత క్యాలెండర్ వెనుకవైపు తేదీలన్నీ రాసి గోడకు అంటించుకున్నాను. 1963లో తుర్కియేను ఐరోపాతో ముడివేసిన అంకారా ఒప్పందం, 1987లో సభ్యత్వానికి దరఖాస్తు, 1999లో హెల్సింకీ సదస్సులో అభ్యర్థి హోదా, 2005 అక్టోబరు 3న సభ్యత్వ చర్చల ప్రారంభం అన్నీ కంఠస్థమయ్యాయి. అయినా కస్టమ్స్ యూనియన్ వల్ల తుర్కియేకు కలిగిన లాభనష్టాలపై ఒక టెస్టులో వచ్చిన పది మార్కుల ప్రశ్నకు రెండు మార్కులే పడ్డాయి. దాన్ని మామూలు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమనుకొని రాయడమే నేను చేసిన తప్పు. పేపరు దిద్దిన సీనియర్ అన్న మార్జిన్‌లో ఎర్ర సిరాతో ‘బయటి దేశాల సరుకుపై సుంకం ఎవరు నిర్ణయిస్తారు?’ అని మాత్రం రాశారు.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో దేశాలు తమ మధ్య సుంకాలు ఎత్తేసుకున్నా, బయటి దేశాలపై ఎవరి సుంకం వారిదే. కస్టమ్స్ యూనియన్‌లో అది ఉమ్మడిది. 1995 చివర అమల్లోకి వచ్చిన ఏర్పాటు ప్రకారం, తుర్కియే సమాఖ్య సుంకాలను అనుసరించాలి గానీ, సభ్యదేశం కాదు కనుక వాటిని నిర్ణయించే చోట దానికి ఓటు లేదు. ఉదాహరణకు, సమాఖ్య 2000లో మెక్సికోతో వాణిజ్య ఒప్పందం అమలు చేయడంతో, అక్కడి వస్తువులు ఐరోపా మీదుగా సుంకం లేకుండా తుర్కియేకు చేరే వీలు కలిగింది. తుర్కియే వస్తువులకు మాత్రం మెక్సికోలో ఆ వెసులుబాటు లేదు. ఈ అసమానతే ఆ ప్రశ్నకు ప్రాణం.

మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి మరో విషయం దగ్గర చాలాసేపు ఆగాను. ఈ యూనియన్ పరిధిలో బిస్కట్లు, చాక్లెట్ల వంటి శుద్ధిచేసిన ఉత్పత్తులున్నాయి, రైతు పండించే గోధుమలు లేవు. సేవలూ, ప్రభుత్వ కొనుగోళ్లూ బయటే ఉన్నాయి.

రాజకీయం కూడా ఇదే దారిలో అర్థమైంది. 2004లో సైప్రస్ సమాఖ్యలో చేరాక, కస్టమ్స్ యూనియన్‌ను దానికీ వర్తింపజేయవలసి వచ్చింది; తుర్కియే తన ఓడరేవులను సైప్రస్ ఓడలకు తెరవకపోవడంతో, 2006 డిసెంబరులో ఎనిమిది అధ్యాయాలపై (సభ్యత్వ చర్చలను రంగాలవారీగా విడదీసిన భాగాలపై) చర్చలు నిలిచిపోయాయి. మొత్తం 35 అధ్యాయాల్లో ఇప్పటివరకు తెరిచినవి 16, అందులో తాత్కాలికంగా ముగిసింది ఒక్కటే. 2016 మార్చిలో శరణార్థులపై కుదిరిన అవగాహన సహకారాన్ని నిలబెట్టింది గానీ, 2018 జూన్‌లో చర్చలు స్తంభించాయని సమాఖ్యే ప్రకటించింది.

తర్వాత ఆ సమాధానాన్ని తిరిగి రాస్తూ, మొదటి వాక్యాన్ని మెక్సికోతోనూ, రెండో పేరాను సైప్రస్ ఓడలతోనూ మొదలుపెట్టాను. క్యాలెండర్ మీది తేదీల్లో ఆ 150 పదాల్లోకి వచ్చింది 2005 ఒక్కటే.