నర్సింగ్ కాలేజీ చూడ్డానికి వెళ్తే ముందు వార్డులోకి వెళ్లండి

ఇంటర్ ఫలితాలు రాగానే అనంతపురం, కర్నూలు పక్క బైపీసీ పిల్లల ఇళ్లకు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. బెంగుళూరులో సీటుంది, ఎంట్రెన్స్ అక్కర్లేదు, హాస్టలు మేమే చూస్తాం అంటారు. బెంగుళూరులో మంచి కాలేజీలు లేక కాదు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మన రాష్ట్రంలో కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకే. ఆ సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష రాసి, ఎన్‌టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. ఏజెంటు ఈ సంగతి ఎత్తడు.

బీఎస్సీ నర్సింగా, జీఎన్‌ఎమ్మా (నర్సింగ్ డిప్లొమా) అన్నది ఇంకో పంచాయితీ. జీఎన్‌ఎం మూడేళ్లు, ఇంటర్లో ఏ గ్రూపైనా 40 శాతం ఉంటే చాలు. బీఎస్సీ నాలుగేళ్లు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలు చదివి 45 శాతం తెచ్చుకోవాలి (ఎస్సీ, ఎస్టీలకు 40), ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. ఒక్క ఏడాదే కదా తేడా అనుకుని జీఎన్‌ఎంలో చేరినవాళ్లకు అసలు తేడా తర్వాత తెలుస్తుంది. ఎయిమ్స్ ఉద్యోగాల నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే కూర్చోవచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. పోనీ డిగ్రీ చేద్దామంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ మళ్లీ రెండేళ్లు. ఇంట్లో మరీ ఇబ్బంది లేకపోతే బీఎస్సీకే వెళ్లమంటాను.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ల్యాబులో పడుకోబెట్టిన బొమ్మను, ఏసీ సెమినార్ హాలును చూపిస్తారు. చూసి, వార్డు ఎక్కడని అడగండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. ఏడాదికి 60 సీట్లంటే నాలుగేళ్లకు 240 మంది. అందులో మూడో వంతు మందే ఒక పూట వార్డులో ఉన్నారనుకున్నా 80 మంది, అంటే 240 మంది రోగులు కావాలి. వంద పడకలతో అది తెమిలే పని కాదు. అందుకే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో, అనంతపురం సర్వజన ఆసుపత్రికో పిల్లల్ని పంపుతాం అంటారు. ఆ అనుమతి పత్రం ఏ సంవత్సరానిదో చూడండి, ఎన్ని బ్యాచ్‌లు ఏ వార్డులకు వెళ్తున్నాయో అడగండి. వారం మధ్యలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు చెప్పకుండా వెళ్లి చూస్తే ఇంకా మంచిది. పడకలు నిండుగా ఉన్నాయా, యూనిఫారంలో పిల్లలున్నారా, ఉంటే చేతులతో ఏమైనా చేస్తున్నారా, లేక ఒక్క మంచం చుట్టూ పది మంది గుంపుగా నిలబడ్డారా? గుంపుగా నిలబడ్డ పిల్లలు నాలుగో ఏడొచ్చినా క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడానికి భయపడతారు.

మూడో ఏడు చదివే అమ్మాయి లాగ్‌బుక్ ఒకటి అడిగి తిరగేయండి. చేసిన ప్రతి ప్రొసీజరుకూ తేదీ, సంతకం ఉండాలి. అన్ని సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినట్టుంటే ఇక అక్కడ అడగాల్సింది ఏమీ లేదు. "హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీ కూడా అంతే. 2021 సిలబస్ ప్రకారం పరీక్షకు 80 శాతం హాజరు చాలు గానీ, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు ఉండాలి.

మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ తెలుగు మీడియం పిల్లల్ని ఇబ్బంది పెడతాయి, రెండో సెమిస్టర్‌కల్లా సర్దుకుంటుంది. చివరిదాకా వెంటాడేది లెక్కలు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి. సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంటే, 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించాలి. నిమిషానికి 42 చుక్కలు. అదే 15 చుక్కల సెట్టయితే 31. చిన్నపిల్లల మైక్రో సెట్టు 60 చుక్కలది కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలే. ప్యాకెట్ చించి పారేశాక లెక్క మొదలుపెట్టడంతోనే తప్పు జరుగుతుంది. సరిగ్గా పెట్టాక కూడా రోగి మోచెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది, మళ్లీ వచ్చి లెక్కపెట్టాల్సిందే.

ఇన్సులిన్ ఇంకా ప్రమాదం. మన దగ్గర వయల్ (మందు సీసా) ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి ఆరెంజ్ మూత. 20 యూనిట్లు ఇవ్వమంటే, 40 వయల్లోంచి ఆరెంజ్ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, డోసు చాల్లేదనుకుని పెంచుతారు. తిరగేస్తే, అంటే 100 వయల్లోంచి ఎర్ర సిరంజితో లాగితే 50 యూనిట్లు పోతాయి, షుగర్ పడిపోయి రోగి స్పృహ తప్పుతాడు. సిరంజి తీసేముందు వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ పైకి చదివే అలవాటు రెండో ఏట్లోనే పడాలి.

డిగ్రీ వచ్చాక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకపోతే నర్సుగా పనిచేయడానికి లేదు. బెంగుళూరులో చదివినవాళ్లు ముందు కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరై, అక్కడ నిరభ్యంతర పత్రం తీసుకుని, ఆ తర్వాత మన రాష్ట్ర కౌన్సిల్‌కు మార్చుకోవాలి. ఈ తిరుగుడుకు పట్టే నెలలు లెక్కేసుకోకుండా నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తేవాళ్లే ఎక్కువ. కాలేజీలో టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇస్తే ఏమేం ఇచ్చారో రాయించి రసీదు తీసుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్స్ పెట్టుకుంటామనే ఆసుపత్రికి మాత్రం జిరాక్సులు చాలని చెప్పండి. కువైట్ మాట ఎత్తే ఏజెంటు ఉంటే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని పేరు ఉందో లేదో చూసేదాకా రూపాయి కూడా ఇవ్వొద్దు.